స్కేటర్ గాల్లోకి లేవకముందే తేలిపోయే లెక్క

ఫిగర్ స్కేటింగ్ చూసేటప్పుడు అందరి కళ్ళూ గాల్లో గిర్రున తిరిగే మనిషి మీదే ఉంటాయి, కానీ అసలు పనంతా అంతకు ముందే, బ్లేడ్ ఇంకా ఐస్‌ని వదలని ఆ చివరి క్షణంలోనే అయిపోతుంది. కాలు లేచాక ఇక పట్టు దొరికేది ఏదీ లేదు, గాలిని తన్ని తిరగలేం, గురుత్వాకర్షణ కిందకి లాగుతుందే తప్ప తిప్పదు. ఐస్ మీద నుంచి ఎంత కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరుగుడు ఊపు, తెచ్చుకున్నారో అంతే, గాల్లో దానికి పిసరంత కూడా కలపలేరు.

మరి అంత జారే ఐస్ మీద నుంచి ఆ తిరుగుడు ఎలా వస్తుంది? బ్లేడ్‌ని తిరగేసి చూస్తే తెలుస్తుంది. వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు, అడుగున పొడవునా సన్నటి గాడి, గాడికి అటూ ఇటూ రెండు పదునైన అంచులు. ముందుకీ వెనక్కీ అయితే దాదాపు అడ్డే లేకుండా జారిపోతుంది, అదే పక్కకి నెడితే అంచు ఐస్‌లోకి దిగి గట్టిగా పట్టేస్తుంది. ఫిగర్ స్కేటింగ్ మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది. ఒక అంచు మీదకి ఒరిగితే దారి వంపు తిరుగుతుంది, ఆ వంపులో ఐస్ పాదాన్ని పక్కకి నెడుతూ ఉంటుంది, దాన్నే వాడుకుని చేతులూ రెండో కాలూ విసురుతూ శరీరాన్ని తిప్పుకుంటారు. బ్లేడ్ ముందు కొసన ఉండే పళ్ళని టో పిక్ అంటారు, చాలామంది అవి బ్రేకులనుకుంటారు గానీ కాదు, టో లూప్, ఫ్లిప్, లట్జ్ జంపుల్లో రెండో కాలి టో పిక్‌ని ఐస్‌లో గుచ్చి దాని ఊతంతో లేస్తారు. సాల్కో, లూప్, యాక్సెల్ అనే మిగతా మూడు జంపులకి ఆ గుచ్చడం ఉండదు.

వీటన్నిట్లో నాకు లట్జ్ అంటే ఎక్కువ గౌరవం. ఎక్కువమంది అపసవ్య దిశలో తిరుగుతారు, వాళ్ళు లట్జ్‌కి ఎడమ కాలి బయటి అంచు మీద వెనక్కి జారుతూ ఒక పెద్ద వంపులో వస్తారు, జంప్ మాత్రం ఆ వంపుకి సరిగ్గా ఎదురు దిశలో తిరగాలి, అంటే వచ్చిన దారి సాయం చెయ్యకపోగా అడ్డుపడుతుంది. అందుకే చివర్లో చాలామంది పాదం లోపలి అంచుకి ఒరిగిపోతుంది, ఫ్లిప్ లేచేది లోపలి అంచు మీద నుంచే కాబట్టి అప్పుడది ఫ్లిప్‌లా అయిపోయి మార్కులు పోతాయి.

ఇంకా ఎత్తుకి ఎగిరితే ఎక్కువ చుట్లు తిరగొచ్చు కదా అనిపిస్తుంది, కానీ లెక్క వేసి చూడండి. 50 సెంటీమీటర్లు లేస్తే గాల్లో ఉండేది సుమారు 0.64 సెకన్లు, 60 లేస్తే 0.70. పది సెంటీమీటర్ల కోసం అంత కష్టపడితే చేతికొచ్చేది 0.06 సెకన్లే. అందుకే ట్రిపుల్‌కీ (మూడు చుట్ల జంప్) క్వాడ్‌కీ (నాలుగు చుట్లది) అసలు తేడా ఎత్తులో కంటే తిరిగే వేగంలో ఉంటుంది, ఆ వేగం శరీరాన్ని ముడుచుకోవడం వల్ల వస్తుంది. ఇక్కడ దూరానికి వర్గం లెక్క, చేతిని సగం దూరానికి లాక్కుంటే దాని వల్ల వచ్చే జడత్వ భ్రామకం, అంటే తిరగడానికి శరీరం చూపే మొండితనం, నాలుగో వంతుకి పడిపోతుంది, కోణీయ ద్రవ్యవేగం మారదు కాబట్టి వేగం పెరిగి తీరాలి. పైకి తేలిగ్గా కనిపిస్తుంది గానీ అంత వేగంలో చేతులు బయటికే లాగేస్తుంటాయి, వాటిని ఛాతీకి అదిమి పట్టడానికి చాలా బలం కావాలి, ఆ కండరాలు చేసిన పనే తిరిగే శక్తిగా మారుతుంది.

ఈ ఆరింట్లో యాక్సెల్ ఒక్కటే ముందుకి జారుతూ లేచే జంప్, దిగేది మాత్రం అన్నిట్లాగే వెనక్కి, కాబట్టి అర చుట్టు అదనం. నార్వే స్కేటర్ ఆక్సెల్ పాల్సన్ 1882లో చేసింది చుట్టున్నర. అదే జంప్‌ని నాలుగున్నర చుట్లతో పోటీలో మొదటిసారి దింపింది అమెరికా స్కేటర్ ఇలియా మాలినిన్, 2022 సెప్టెంబర్‌లో, అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో, అప్పటికి 17 ఏళ్ళు! ముప్పావు సెకను కూడా లేని టైమ్‌లో అన్ని చుట్లంటే సగటున సెకనుకి ఆరుకి పైనే.

దిగేటప్పుడు శరీర బరువుకి ఎన్నో రెట్ల బలం ఒక్క కాలి మీద పడుతుంది. చేతులు చాచి, రెండో కాలు వెనక్కి తీస్తే తిరుగుడు నెమ్మదిస్తుంది, మిగిలింది బయటి అంచు మీద వంపుగా జారుతూ ఐస్‌కి వదిలేస్తారు. చుట్టు పూర్తి కాకుండా దిగితే బ్లేడ్ జారే దిశకి అడ్డంగా పడుతుంది, అంచు పట్టేస్తుంది, ఆ మెలిక అంతా చీలమండ మీదా మోకాలి మీదా పడుతుంది. కొత్త జంప్ నేర్పేటప్పుడు చాలామంది కోచ్‌లు నడుముకి హార్నెస్ అనే పట్టీ కట్టి తాడుతో పైనుంచి పట్టుకునేది ఇందుకే.