భాస్వరాన్ని దాచుకునే నాచు: ఒక ఆలోచన వెనుక చరిత్ర

జన్యుమార్పిడి చేసిన నాచుతో మంచినీటి సరస్సుల కాలుష్యాన్ని తగ్గించవచ్చన్న ప్రతిపాదన కొత్తదిగా కనిపించినా, దాని మూలాలు సరస్సులు పచ్చబడటానికి కారణమేమిటన్న పాత వివాదంలో ఉన్నాయి. 1960లలో ఉత్తర అమెరికాలోని ఈరీ సరస్సు నాచుతో నిండిపోతున్నప్పుడు, దోషం డిటర్జెంట్లలోని ఫాస్ఫేట్లదా (భాస్వరం ఉండే లవణాలు), కర్బనానిదా అన్న వాదన నడిచింది. సబ్బుల పరిశ్రమకు ఏ వాదన నచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. 1973లో సరస్సుల శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం కెనడాలోని ఆంటారియోలో 226వ నంబరు సరస్సును తెరతో రెండుగా విభజించి, రెండు వైపులా కర్బనం, నత్రజని కలిపి, ఒక వైపు మాత్రం అదనంగా భాస్వరం వేసింది. ఆ వైపే పచ్చబడింది.

అప్పటికే 1972లో అమెరికా, కెనడా చేసుకున్న ఒప్పందం కింద మురుగునీటి భాస్వరాన్ని కట్టడి చేయడంతో ఈరీ కొంత కోలుకుంది. పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులకు మాత్రం మురుగునీటిలా, కట్టడి చేయడానికి ఒక గొట్టమంటూ ఉండదు. 2014 ఆగస్టులో ఈరీలో నాచు నుంచి వచ్చిన విషం వల్ల అమెరికాలో ఆ సరస్సు ఒడ్డునున్న టొలెడో ప్రాంతంలో 4 లక్షల మందికి పైగా కుళాయి నీరు తాగవద్దన్న హెచ్చరిక వెలువడింది.

నాచునే పనిముట్టుగా వాడే ప్రయత్నం అంతకు ముందే ఉంది. 1950లలో కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ లోతు తక్కువ కుంటల్లో నాచును పెంచి మురుగునీటిని శుద్ధి చేసే పద్ధతిని రూపొందించాడు: నాచు విడుదల చేసే ఆక్సిజన్ బ్యాక్టీరియాకు, బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ నాచుకు ఉపయోగపడతాయి. సూక్ష్మమైన ఆ కణాలను నీటి నుంచి వేరుచేయడమే ఖర్చుతో కూడిన పని.

జన్యుమార్పిడి ఇక్కడే ప్రవేశిస్తుంది. కొన్ని నాచు కణాలు అవసరానికి మించి భాస్వరాన్ని పాలీఫాస్ఫేట్ రేణువులుగా దాచుకోగలవు. క్లామిడోమోనాస్ అనే నాచులో పీఎస్ఆర్1 అనే, భాస్వరం వాడకాన్ని నియంత్రించే జన్యువును అధికంగా పనిచేయించినప్పుడు ఈ నిల్వ గణనీయంగా పెరిగిందని 2023లో వెలువడిన పరిశోధన చూపింది. తక్కువ నాచులో ఎక్కువ భాస్వరం చిక్కితే, వడకట్టే పని కూడా తగ్గుతుంది.

అయితే కణం చనిపోతే దాచుకున్నది తిరిగి నీటిలోకే చేరవచ్చు. అందువల్ల ఇలాంటి నాచును సరస్సులో వదలడం కంటే, నీరు సరస్సును చేరకముందే కుంటల్లో పెంచి, కోసి తీసేయడమే అర్థవంతమని ఈ రచయిత అభిప్రాయం. కుంట కూడా పూర్తిగా మూసిన పెట్టె కాదు. 2013లో అమెరికా పర్యావరణ సంస్థ అనుమతితో జన్యుమార్పిడి నాచును ఆరుబయట కుంటల్లో 50 రోజులు పెంచిన పరీక్షలో, అది పక్కనున్న నీటి తొట్లకు వ్యాపించింది, కానీ స్థానిక జాతులను తోసివేయలేదు.