సుబాబుల్ తోటలో కౌలు రైతుకు చోటేది?

విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డెక్కితే నందిగామ, జగ్గయ్యపేట వైపు తొక్క ఒలిచిన కర్రల లారీలు కనిపిస్తుంటాయి. అది కాగితం మిల్లులకు వెళ్లే సుబాబుల్. పొలంలో చెట్లు పెంచితే పల్లెల్లో పేదరికం తగ్గుతుందని ఇప్పుడు మళ్లీ వింటున్నాం కాబట్టి, ఈ కర్ర కథ ఒకసారి చూడాలి.

అసలు చెట్టూ పైరూ కలిసి ఉండటం గుంటూరు పల్లెలకు పాత సంగతే. గట్ల మీద తాటిచెట్లు, నల్లతుమ్మలు ఉండేవి. తుమ్మ చెక్క నాగలికి, బండికి. తుమ్మకాయలు మేకలకు. తాటాకు కూలివాడి ఇంటి కప్పుకు. గట్టు చెట్టులో భూమి లేనివాడికీ కాస్త వాటా దక్కేది. ట్రాక్టర్లు వచ్చాక ఆ చెట్లు పలచబడ్డాయి.

1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 1988లోనే వచ్చిన జాతీయ అటవీ విధానం, మిల్లులు కర్రను అడవి నుంచి కాకుండా రైతుల దగ్గర సమకూర్చుకోవాలంది. పురుగుమందుల అప్పులతో విసిగినవాళ్లకు సుబాబుల్ నచ్చడంలో వింతేముంది? ఒకసారి నాటితే మూడు నాలుగేళ్లకు కోత, మోడు నుంచి మళ్లీ చిగురు. నేలకు నత్రజని కూడా. ఆకు మేకలకు ఇష్టమే. గుర్రాలకు ఎక్కువగా పెడితే మాత్రం తోక వెంట్రుకలు రాలిపోతాయి!

అయితే సుబాబుల్‌ను గట్టున కాదు, పొలమంతా వేశారు. పత్తి చేలో కలుపు తీతకూ, పత్తి తీతకూ ఆడకూలీలకు నెలల తరబడి పని ఉంటుంది. సుబాబుల్ తోటలో నాటేటప్పుడు, కొట్టేటప్పుడు తప్ప పెద్దగా ఏముంటుంది? పట్నంలో ఉండే ఆసామికి ఇంకా సుఖం, కౌలుకు ఇచ్చే పనే లేదు. టన్ను ధర మీద గొడవ జరిగినప్పుడల్లా మాట్లాడింది తోట ఉన్నవాళ్లే. నా లెక్కలో నష్టపోయింది తోట లేనివాళ్లు.

2014లో కేంద్రం తెచ్చిన జాతీయ అగ్రోఫారెస్ట్రీ విధానం పైరు మధ్యా, గట్ల మీదా చెట్లు పెంచాలంది. మాట బాగుంది. కానీ కృష్ణా, గుంటూరు మాగాణుల్లో దున్నేవాళ్లలో చాలామంది కౌలు రైతులే. చెట్టు నాటితే ఎక్కడ హక్కు అడుగుతాడోనని ఆసామికి టెన్షన్. రాష్ట్రంలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సాగు హక్కు పత్రానికి గడువు 11 నెలలు, అదీ ఆసామి సంతకం పెడితేనే. అంతలోపు కాపుకొచ్చేవి మునగ, బొప్పాయి లాంటివే.