టీవీ మనదే, మరి పెత్తనం ఎవరిది? స్మార్ట్ టీవీ అపోహలు, వాస్తవాలు

గుంటూరులో పదిహేనేళ్లుగా టీవీలు బిగించడం, రిపేర్లు చేయడం నా పని. స్మార్ట్ టీవీలు వచ్చిన కొత్తలో నేనొక తప్పు చేసేవాణ్ణి. గోడకు స్టాండు బిగించి వైఫై కలపగానే తెర మీద వరసపెట్టి షరతుల పేజీలు వస్తాయి కదా. "అవన్నీ ఓకే కొట్టెయ్ బాబూ, సీరియల్ టైమవుతోంది" అనేవాళ్లు ఇంటివాళ్లు. నేనూ టకటకా కొట్టేసేవాణ్ణి. ఏ ఓకే దేనికో వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. ఇప్పుడు ఆ పేజీలు రాగానే రిమోట్ వాళ్ల చేతికిచ్చి పక్కన నిలబడుతున్నా. అప్పుడు వచ్చే ప్రశ్నలే ఇవి.

అపోహ: అన్నిటికీ ఒప్పుకోకపోతే టీవీ పనిచేయదు.

వాడకం షరతుల్లాంటివి ఒకటో రెండో తప్పనిసరి. మనం ఏం చూస్తున్నామో సేకరించడం, దాన్నిబట్టి ప్రకటనలు వేయడం, మాట విని పనిచేయడం లాంటివి చాలా టీవీల్లో విడి టిక్కులు. అవి వదిలేసినా బొమ్మకు ఢోకా లేదు. ఇబ్బందల్లా 'అన్నీ ఎంచుకో' అనే బటన్ పెద్దగా, కళ్లెదురుగా ఉండటమే. గూగుల్ టీవీ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న సెట్లలో ఇంకో దారి ఉంది. మొదట్లోనే 'బేసిక్ టీవీ' అని ఎంచుకుంటే యాప్‌లు ఉండవు, ఉత్త టీవీలా వాడుకోవచ్చు. బ్రాడీపేటలో ఒక అమ్మమ్మగారికి అలాగే పెట్టిచ్చా. ఆవిడకి కావాల్సింది భక్తి చానల్, వార్తలు. "బొమ్మ వస్తోందిగా నాయనా, ఇంకేం కావాలి" అన్నారు.

అపోహ: నేను యాప్‌ల జోలికే పోను, సెట్‌టాప్ బాక్సే చూస్తా. టీవీకి ఏం తెలుస్తుంది?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. తెలుస్తుంది. బొమ్మ ఏ తీగలోంచి వచ్చినా చివరికి తెర మీదికే కదా రావాలి. చాలా స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్ అనే ఏర్పాటు ఉంటుంది. అది తెర మీది బొమ్మనో, శబ్దాన్నో కొద్దికొద్దిగా తీసుకుని, దానికి వేలిముద్ర లాంటిది తయారుచేసి కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. అక్కడ సినిమాలు, సీరియళ్లు, ప్రకటనల వేలిముద్రలు ముందే ఉంటాయి. జత కుదిరిందంటే మీరేం చూస్తున్నారో తెలిసినట్టే.

2024లో లండన్, కాలిఫోర్నియా, మాడ్రిడ్ యూనివర్సిటీల పరిశోధకులు సామ్‌సంగ్, ఎల్‌జీ టీవీలను పరీక్షించారు. ఎల్‌జీ 15 సెకన్లకోసారి, సామ్‌సంగ్ నిమిషానికోసారి ఈ వేలిముద్రలు పంపుతున్నట్టు తేలింది. హెచ్‌డీఎంఐ తీగతో ల్యాప్‌టాప్ తగిలించి టీవీని మానిటర్‌లా వాడినప్పుడు కూడా పోతున్నాయి. తమాషా ఏమిటంటే, టీవీలోని నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ యాప్‌లలో చూసేటప్పుడు మాత్రం పోలేదు. అంటే "యాప్‌లు వద్దు, బాక్సే సేఫ్" అనే మన లెక్క తలకిందులైందన్నమాట.

ఇది ఎక్కడిదాకా పోయిందంటే, అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ 2014 నుంచి 1.1 కోట్ల టీవీల్లో జనం చూసేవన్నీ సెకను సెకనుకూ సరైన అనుమతి లేకుండా సేకరించి అమ్ముకుందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూజెర్సీ రాష్ట్రం కేసు పెట్టాయి. 2017లో ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది.

అపోహ: సెట్టింగ్స్‌లో ఆపినా వాళ్లు ఆపరు.

ఈ మాట మా మెకానిక్‌లు కూడా అంటారు. కానీ పైన చెప్పిన పరిశోధనలోనే, ఆ సెట్టింగులు ఆపాక ఏసీఆర్ పంపకాలు ఆగిపోయాయని తేలింది. కాబట్టి ఆపడం దండగ కాదు. సామ్‌సంగ్‌లో 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్', ఎల్‌జీలో 'లైవ్ ప్లస్' అనే పేర్లు వెతకండి. మోడల్‌ను బట్టి చోటు మారుతుంది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలు, మానుకోవడానికి మెనూలో మెనూ, అందులో ఇంకో మెనూ. అనుమతి వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత తేలికగా ఉండాలని మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టంలో రాసుంది. అమలు దశలవారీగా జరుగుతోంది. రిమోట్ మీద ఆ తేలిక కనిపించినప్పుడు నమ్ముతా.

అపోహ: రిమోట్ ఎప్పుడూ మన మాటలు వింటుంటుంది.

మామూలు వాయిస్ రిమోట్ మైక్ బటన్ నొక్కితేనే వింటుంది. రిమోట్ ముట్టుకోకుండా పిలిస్తే పలికే టీవీల సంగతి వేరు. ఆ పిలుపు కోసం వాటి మైక్ చెవొగ్గే ఉంటుంది. అలాంటి సెట్లలో చాలావాటికి కింది అంచునో వెనకో మైక్ ఆపే చిన్న స్విచ్ ఉంటుంది. తడిమి చూడండి.

అపోహ: అప్‌డేట్ అంటే ఎప్పుడూ మంచికే.

భద్రత కోసం చేసుకోవాల్సిందే, నేనూ చేయమనే చెబుతా. కానీ అప్‌డేట్ కొత్తవి ఇవ్వడమే కాదు, ఉన్నవి తీసేయడమూ చేయగలదు. టీవీకి తగిలించి ఆటలాడే ప్లేస్టేషన్ 3లో లైనక్స్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వేసుకునే సౌకర్యాన్ని సోనీ 2010 ఏప్రిల్‌లో ఒక అప్‌డేట్‌తో తీసేసింది. అప్‌డేట్ వద్దంటే ఆన్‌లైన్ ఆటలు బంద్. ఇక 2019 డిసెంబర్‌లో కొన్ని పాత సామ్‌సంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. తెర బంగారంలా ఉన్నా సరే. అందుకే యాప్ రావట్లేదని కొత్త టీవీ కొంటానన్న వాళ్లకి నేను ముందు టీవీకి గుచ్చి యాప్‌లు చూసే స్టిక్ పెట్టి చూడమంటా. కొన్ని వేలతో పోతుంది. కాకపోతే ఆ స్టిక్‌కూ దాని షరతుల పేజీలుంటాయి, అవీ చదవాలి.

అపోహ: పాత టీవీ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేస్తే మన పని అయిపోయినట్టే.

పోయిన ఏడాది రిపేరుకొచ్చిన సెకండ్ హ్యాండ్ సెట్ ఆన్ చేస్తే, పాత యజమాని ఫొటోతో సహా అకౌంట్ తెరుచుకుంది. సగంలో ఆపిన సినిమాలు వరసగా ఉన్నాయి. ఇచ్చే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఇప్పటికే ఇచ్చేశారా? ఫోన్‌లో నెట్‌ఫ్లిక్స్, గూగుల్ అకౌంట్లు తెరిచి, పరికరాల జాబితాలో ఆ టీవీ పేరు పట్టుకుని సైన్ అవుట్ కొట్టండి. ఐదు నిమిషాల పని.