ఉపగ్రహం చెప్పిన సముద్రపు రంగును ఓడ మీద సరిచూసేదెవరు?

హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) నుంచి విశాఖ, కాకినాడ, మచిలీపట్నం హార్బర్లకు చేపల జాడ చెప్పే సమాచారం వెళ్తుంటుంది. ఏ దిక్కుకి, ఎంత దూరం, ఎంత లోతు అన్నది తెలుగులోనే ఉంటుంది. దాన్ని తయారుచేయడానికి ముఖ్యంగా రెండు విషయాలు చూస్తారు: సముద్రపు పైపొర వేడి, నీటిలోని క్లోరోఫిల్. వేడి సంగతి అలా ఉంచితే, క్లోరోఫిల్‌ని ఉపగ్రహం నేరుగా చూడలేదు. నీటి రంగు చూసి లెక్క కడుతుంది. ఆ రంగే తప్పుగా పడితే లెక్కా తప్పుతుంది, డీజిల్ పోసుకుని అంతదూరం వెళ్లిన బోటు ఖాళీగా తిరిగి రావచ్చు. అందుకే ఉపగ్రహం చెప్పిన రంగుని సముద్రం మీదే కొలిచి సరిచూసే మనుషులు కావాలి. వాళ్లను తయారుచేసే శిక్షణలు ఇన్‌కాయిస్ ఆవరణలోనే జరుగుతున్నాయి. వాటి వెనుక వందేళ్ల కథ ఉంది.

మొదట చిక్కు ఎక్కడుందో చూద్దాం. సముద్రం మీదుగా ఉపగ్రహానికి చేరే వెలుగులో దాదాపు 90 శాతం నీటిది కాదు, గాలిది. గాలి అణువులు, ధూళి, తేమ చెదరగొట్టిన వెలుగు అది. నీటి లోపలికి వెళ్లి, వృక్ష ప్లవకాలను (క్లోరోఫిల్ ఉండే, నీటిలో తేలే సూక్ష్మ మొక్కలను) తాకి, తిరిగి పైకి వచ్చే వెలుగు మహా అయితే పదో వంతు. మనకు కావాల్సింది ఆ పదో వంతే. కెమెరా అర శాతం తప్పితే, ఆ తప్పు మొత్తం నీటి వాటాలోనే పడి 5 శాతం అవుతుంది. తీరానికి దూరంగా నడిసముద్రంలో నీటి వెలుగుని 5 శాతం తేడాకి మించకుండా కొలవాలని శాస్త్రవేత్తలు పెట్టుకున్న లక్ష్యం చూస్తే, ఇది ఎంత సున్నితమైన పనో అర్థమవుతుంది.

విశాఖలో బడి చదువు చదివిన సి.వి.రామన్ 1921లో ఇంగ్లండ్ నుంచి నార్కుండా ఓడలో తిరిగొస్తూ ఇలాంటి చిక్కునే ఎదుర్కొన్నారు. సముద్రం నీలంగా ఉండేది ఆకాశం ప్రతిబింబం వల్లేనని అప్పటికి పెద్దలు చెప్పిన మాట. రామన్ తన వెంట ఒక నికల్ పట్టకం (వెలుగును వడకట్టే స్ఫటికం) తెచ్చుకున్నారు. దాన్ని సరైన కోణంలో పెట్టి చూస్తే నీటిపై పడిన ఆకాశపు మెరుపు అణగిపోతుంది. అలా చూసినా మధ్యధరా సముద్రం నీలం తగ్గలేదు, ఇంకా చిక్కబడింది. ఆ నీలం నీటి లోపలి నుంచే వస్తోందని ఆయన బొంబాయి రేవు నుంచే నేచర్ పత్రికకు లేఖ రాశారు. ఈరోజు డెక్ మీద రేడియోమీటర్ (వెలుగు కొలిచే పరికరం) పట్టుకున్న విద్యార్థి చేసేది కూడా ముందుగా ఇదే. ఆకాశం వాటా తీసేస్తే మిగిలిన నీటి వాటాని పట్టుకోవడం. ఈ శిక్షణలో చేరే ప్రతి ఒక్కరికీ తొలిరోజే ఈ సంగతి చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రంగు కొలవడానికే తయారైన తొలి ఉపగ్రహ పరికరం సీజెడ్‌సీఎస్. 1978 అక్టోబర్‌లో నాసా నింబస్-7 మీద వెళ్లింది. ప్రయోగం కోసం పంపిన ఆ పరికరం 1986 దాకా నడిచింది, సముద్రంలో ప్రాణం ఎక్కడ దట్టంగా ఉందో ప్రపంచానికి మొదటిసారి చూపింది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ దాని చూపు మందగించింది, ముఖ్యంగా నీలం వైపు. ఎంత మందగించిందో చెప్పాలంటే అదే సమయంలో సముద్రం మీద కొలిచిన అంకెలు ఉండాలి. ఓడ ప్రయాణాలు చాలావరకు తొలి సంవత్సరాల్లోనే జరిగాయి, తర్వాత సరిచూసేందుకు తగినన్ని కొలతలు లేవు. పైన యంత్రం తిరుగుతూనే ఉంది, కింద మనుషులు లేరు. ఈ రంగం నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే అంటాను.

అందుకే నాసా తర్వాతి రంగు పరికరం సీవిఫ్స్ 1997 ఆగస్టులో ఎగరడానికి ఐదేళ్ల ముందే, 1992లో, ఓడ మీద ఎలా కొలవాలో నాసా ఒక నియమావళి అచ్చువేసింది. ఏ కోణంలో, ఏ ఎండలో, ఓడ నీడకు ఎంత దూరంలో అన్నీ అందులో ఉన్నాయి. 1997లోనే హవాయి దీవుల్లో లనాయి దగ్గర మోబీ అనే బోయాని (కొలత పరికరాలతో నీటి మీద తేలే తెప్పని) స్థిరంగా నిలిపారు. కొన్ని నెలలకొకసారి దాన్ని మార్చి, ప్రయోగశాలలో మళ్లీ సరిచూస్తారు. ఎన్నో ఉపగ్రహాల లెక్క ఆ ఒక్క బోయా కొలతలను ఆధారం చేసుకునే సర్దారు. మనుషుల శిక్షణ అంతకుముందే మొదలైంది. అమెరికాలో ఫ్రైడే హార్బర్‌లో 1985లోనే సముద్ర కాంతిశాస్త్రం మీద వేసవి తరగతులు పెట్టారు.

మన సంగతికొస్తే, 1996 మార్చి 21న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్‌ఎస్-పి3 మీద జర్మనీవాళ్ల రంగు కొలిచే పరికరం ఉంది. 1999 మే 26న ఓషన్‌శాట్-1 మన సొంత కెమెరాతో, 8 రంగు పట్టీలతో (విడివిడిగా కొలిచే వెలుగు భాగాలతో) వెళ్లింది. ఇన్‌కాయిస్ పుట్టిందీ ఆ ఏడాదే. 2009లో ఓషన్‌శాట్-2, 2022 నవంబర్ 26న ఈవోఎస్-06 (ఓషన్‌శాట్-3) వచ్చాయి. చివరిదాని కెమెరాకి 13 పట్టీలు. దాని డేటా షాద్‌నగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) యాంటెన్నాలు అందుకుంటాయి. కింద సరిచూసేందుకు ఇస్రో లక్షద్వీప్‌లోని కవరత్తి దగ్గర బోయా పెట్టింది. తీరం వెంట కొలతలు సేకరించేందుకు ఇన్‌కాయిస్ శాట్‌కోర్ అనే కార్యక్రమం నడిపింది. 2013లో ఇన్‌కాయిస్‌లోనే అంతర్జాతీయ శిక్షణ కేంద్రం ఐటీసీఓఓషన్ ఏర్పడింది, తర్వాత దానికి యునెస్కో గుర్తింపు దక్కింది. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల వాళ్లు వచ్చి నేర్చుకునే చోటు అది.

ఇంతకీ నేర్చుకునేదేంటి? చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. రేడియోమీటర్‌ని నీటి వైపు నిట్టనిలువు నుంచి 40 డిగ్రీలు వంచి, సూర్యుడి దిక్కు నుంచి 135 డిగ్రీలు పక్కకి తిప్పి పట్టుకోవాలి. అప్పుడు సూర్యుడి తళుకు, ఓడ నీడ రెండూ చాలావరకు తప్పుతాయి. అదే కోణంలో ఆకాశాన్ని కొలవాలి, కిందికి వచ్చే మొత్తం వెలుగునీ కొలవాలి. ఆకాశం కొలతలో సుమారు 2.8 శాతాన్ని, అంటే నీటిపై ప్రతిఫలించిన ఆకాశం వాటాని, నీటి కొలత నుంచి తీసేయాలి. గాలి జోరు పెరిగితే ఆ అంకె పనికిరాదు. నురగ తగిలిందా, మబ్బు అడ్డొచ్చిందా, ఆ కొలత పక్కన పెట్టాల్సిందే. ఓషన్‌శాట్‌లు మన మీదుగా వెళ్లేది మిట్టమధ్యాహ్నం, కాబట్టి ఈ పనంతా నడినెత్తిన ఎండలో. ఉపగ్రహం దాటిన సమయానికి మూడు గంటలు అటూఇటూగా తీసిన కొలతనే సాధారణంగా పోలికకి తీసుకుంటారు. సముద్రం ఎగుడుదిగుడుగా ఉందని వాయిదా వేస్తే ఆ రోజు పోయినట్టే.

పక్కనే ఇంకో పని. బాటిల్‌తో తెచ్చిన నీటిని గాజు నార వడపోత కాగితం గుండా, మసక వెలుతురులో, మెల్లగా లాగాలి. ఒత్తిడి ఎక్కువైతే కణాలు చితికిపోతాయి. కాగితం మీద మిగిలే పచ్చని మరకే క్లోరోఫిల్. దాన్ని వెంటనే ద్రవ నైట్రోజన్‌లో పెట్టి, ఒడ్డుకి వచ్చాక అసిటోన్‌లో నానబెట్టి కొలుస్తారు. ఎండ తగిలినా, ఆలస్యమైనా అంకె పడిపోతుంది. ఎవరి కొలత ఎలా తీశారో రాసిపెట్టకపోతే పదేళ్ల తర్వాత అది ఎవరికీ పనికిరాదు.

మన తీరానికి ఈ నైపుణ్యం మరీ అవసరం. గోదావరి, కృష్ణ తెచ్చే ఎర్రమట్టి, కుళ్లిన ఆకుల రంగు కలిసిన నీటిలో రంగు నుంచి క్లోరోఫిల్ లెక్కకట్టేందుకు లోతు సముద్రానికి రాసిన సూత్రం తడబడుతుంది, మట్టిని, ఆకు రంగుని కూడా క్లోరోఫిల్ ఖాతాలో వేసి ఎక్కువ చూపిస్తుంది. వరద ఉద్ధృతంగా వచ్చేది జులై, ఆగస్టుల్లో. అప్పుడే మబ్బులు. అంటే సూత్రం ఎక్కడ ఎక్కువ తప్పుతుందో అక్కడే సరిపోల్చుకునే కొలతలు తక్కువ. మబ్బు తెరిపిచ్చిన ఏ గంటలోనైనా బోటెక్కగల మనుషులు తీరంలోనే ఉంటే తప్ప ఈ లోటు తీరదు. హైదరాబాద్‌లో క్లాసు విన్న విద్యార్థికి కాకినాడలోనో విశాఖలోనో సముద్రం మీద రోజులు దొరకాలి, సరిచూసిన పరికరం చేతికి రావాలి, బోటు అద్దెకి డబ్బు ఉండాలి. కొత్త ఉపగ్రహానికి నిధులు కేటాయించేటప్పుడే ఈ ఖర్చునీ పక్కన రాయాలి.