వసకొమ్ము నూనె మీద వివాదం ఎలా మొదలైంది

వాగే పిల్లను చూసి ‘దీనికి వస ఎక్కువ పోశారు’ అనని ఇల్లు కోనసీమలో ఉండదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1852 నుంచి కాల్వనీటితో తడిసే ఈ బంకనేల వసకు సరిపోతుంది కూడా. అయినా పచారీ కొట్టులో కొన్న కొమ్ము ఏ ఊరి నుంచి వచ్చిందో సంచి మీద రాసి ఉండదు. చిక్కంతా అక్కడే.

1967లో అమెరికాలో ఎలుకల మేతలో జమ్మూ రకం వస నూనె కలిపి పెట్టగా పేగుల్లో కంతులు లేచాయి. 1968లో అక్కడ ఆహారంలో వసను నిషేధించారు. కారణం బీటా-ఆసరోన్ అనే రసాయనం; ఆ నూనెలో ముప్పాతిక వంతు దాకా అదే. 1988లో యూరప్ అది కిలో ఆహారానికి 0.1 మిల్లీగ్రాము దాటకూడదంది.

అన్ని వసలూ ఒకటి కావని తర్వాత తేలింది. క్రోమోజోములు రెండు వరసలున్న అమెరికా, సైబీరియా మొక్కలో బీటా-ఆసరోన్ ఉండదు. మూడు వరసల యూరప్ రకంలో కొద్దిగా ఉంటుంది. మన దేశంలో దొరికే నాలుగు వరసల రకం నూనెలో 90 శాతం దాటవచ్చు. ఆకు చూసి ఇది పోల్చలేం.

ఆసరోన్ ఎంతుందో చూసే పరీక్షలోనూ పొరపాట్లు జరుగుతాయి. వంద గ్రాముల ఎండుకొమ్ముకు లీటరు నీళ్లు పోసి, ఆవిరితో నూనె తీసే క్లెవెంజర్ పరికరంలో ఐదారు గంటలు మరిగిస్తే రెండు మూడు మిల్లీలీటర్ల నూనె వస్తుంది. కొమ్మును ముతకగానే దంచాలి. మెత్తని పొడైతే పిండిపదార్థం గంజి కట్టి అడుగంటుతుంది. అసలు తప్పు చల్లారిన నూనె చేరే గొట్టం దగ్గర. యూరప్ వస నూనె నీటి మీద తేలుతుంది, మనది సాంద్రత 1.06 దాకా ఉండి మునుగుతుంది. తేలే నూనెల గొట్టం పెడితే బరువైన ఆసరోన్ తిరుగునీటితో ఫ్లాస్కులోకే జారిపోతుంది. బరువు నూనెల గొట్టమైనా పెట్టాలి, లేదా నూనెను కరిగించుకుని నీటి మీద తేలే జైలీన్ అనే ద్రవాన్ని కొలిచి పోసి, తర్వాత ఆ కొలత తీసివేయాలి.

వైద్యగ్రంథాల్లో వసను గోమూత్రంలో, బోడతరం మొక్క కషాయంలో ఉడికించే శోధన, అంటే శుద్ధి, ఉంది. ఆ ఉడుకులో కొంత నూనె ఆవిరితో పోతుంది. ఇంట్లో ఆముదపు దీపం మీద కాల్చేది పైపొరే. సానరాయి మీద ఎన్ని చుట్లు తిప్పితే ఎంత మోతాదో ఎవరూ తూచరు కాబట్టి పసిబిడ్డ నోటికి పెట్టకపోవడమే మేలు.

మన కొమ్ముకు ‘బీటా-ఆసరోన్ 20 శాతం’ అని నివేదిక వస్తే, ముందు అడగాల్సింది ఏ గొట్టం వాడారని.