వేలు పెట్టే ముందు: నగదు రహితంపై అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఒక లంక గ్రామంలో బ్యాంకు మిత్రను, అంటే బ్యాంకు తరఫున ఊళ్లోనే వేలిముద్ర వేయించుకుని డబ్బు ఇచ్చే మనిషిని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కొబ్బరికాయలు వలిచే కూలీలు, ఉపాధి పనివాళ్లు, డ్వాక్రా మహిళలు. వాళ్లు నాతో తరచూ వాదించే మాటలివి.

అపోహ: ఇంకొన్నాళ్లకు నోట్లే ఉండవు.
వాస్తవం: 2016లో పెద్దనోట్లు రద్దయ్యే నాటికి దేశంలో చలామణిలో ఉన్న నగదు సుమారు 18 లక్షల కోట్ల రూపాయలు. ఇప్పుడది 35 లక్షల కోట్లు దాటింది. ఫోనుతో డబ్బు పంపే యూపీఐ మొదలైందీ 2016లోనే. టీ కొట్టుకు కూడా క్యూఆర్ బోర్డు వచ్చింది. నోట్లూ, ఫోను చెల్లింపులూ కలిసే పెరిగాయి. అంతెందుకు, సామాజిక పింఛను ప్రభుత్వమే ఇంటికొచ్చి నోట్లు లెక్కపెట్టి ఇస్తోంది.

అపోహ: "నాకు ఫోనే లేదు బాబూ, నన్నెవడు మోసం చేస్తాడు?"
వాస్తవం: నన్ను అన్నిటికంటే భయపెట్టే మాట ఇది. ఆధార్‌తో డబ్బు తీయడానికి ఫోనూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు. పీచు వలిచి వలిచి గీతలు అరిగిపోయిన బొటనవేలు యంత్రానికి ఒక పట్టాన ఆనదు. పంచెకు తుడుచుకుని మళ్లీ పెడతాడు, మళ్లీ పడదు. ఈ అలవాటే దొంగకు అదను. మొదటిసారే డబ్బు వచ్చినా "పడలేదు, ఇంకోసారి పెట్టు" అని రెండుసార్లు తీసి, ఒకసారి డబ్బే చేతిలో పెట్టేవాళ్లున్నారు. పడలేదంటే తెర చూపించమనండి. చదవడం రాకపోతే పక్కవాళ్ల చేత చదివించుకోండి. డబ్బు తీసుకున్న ప్రతిసారీ రసీదు అడగండి, విసుక్కున్నా సరే. బొటనవేలే కానక్కర్లేదు, పది వేళ్లలో ఏదైనా పనికొస్తుంది. ఇంట్లోవాళ్ల ఫోను నంబరు ఆధార్‌కు జోడించి ఉంటే, అవసరం లేనప్పుడు వేలిముద్రలకు తాళం కూడా వేసుకోవచ్చు.

అపోహ: యూపీఐలో మనకు డబ్బు రావాలన్నా పిన్ కొట్టాలి.
వాస్తవం: అక్కర్లేదు. డబ్బు వస్తుందని చెప్పి పిన్ కొట్టమన్నారంటే అది మీ ఖాతాలోంచి పోతున్నట్టే. మోసపోయామని తెలిసిన క్షణమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

అపోహ: మన ఖాతాలో తగ్గి అవతలివాళ్లకు చేరని డబ్బు గోదాట్లో కలిసినట్టే.
వాస్తవం: యూపీఐలో మనిషికి పంపినదైతే మరుసటి రోజుకల్లా, దుకాణానికి కట్టినదైతే 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం మీరు అడగకుండానే ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అయినా అడగండి.

అపోహ: నెట్ లేకపోతే పని జరగదు.
వాస్తవం: మామూలు ఫోనులోనూ స్టార్ 99 హాష్ (*99#) కొట్టి డబ్బు పంపవచ్చు. కాకపోతే వరదకు టవరే పడకేస్తే అదీ చెల్లదు. జూలై, ఆగస్టుల్లో పాలకు, పడవకు సరిపడా చిన్న నోట్లు ఇంట్లో ఉంచుకోమని నేనే అందరికీ చెబుతుంటాను.