డైనింగ్ టేబుల్ మీద దొరికిన ఆచూకీ: ఒక బ్లడ్ క్యాన్సర్ మాత్ర వెనుక కథ

సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అని అనుమానం రాగానే డాక్టర్లు బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష రాస్తారు. పాజిటివ్ వస్తే చాలామందికి ఇమాటినిబ్ మాత్రతో మొదలుపెడతారు. రోజూ ఆ మాత్ర వేసుకుంటూ, ఏళ్లుగా తమ పని తాము చేసుకుంటున్నవాళ్లు ఇప్పుడు ఎందరో. ఆ పరీక్షకీ ఆ మాత్రకీ మూలం వెతికితే, షికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరు ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర తేలతాం.

రౌలీ 1925లో పుట్టారు. షికాగో విశ్వవిద్యాలయంలో మెడిసిన్‌కు ఎంపికైనా, 65 మంది ఉండే క్లాసులో ఆడవాళ్లకు ఇచ్చేది మూడే సీట్లు. అవి అప్పటికే నిండిపోవడంతో తొమ్మిది నెలలు ఆగారు. 1948లో పట్టా అందుకున్న మర్నాడే పెళ్లి, తర్వాత నలుగురు కొడుకులు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నన్నాళ్లూ వారంలో కొన్ని రోజులే ఉద్యోగం. అది కూడా డౌన్ సిండ్రోమ్ పిల్లల క్లినిక్‌లో. ఆ పిల్లల కణాల్లో ఒక క్రోమోజోము (జన్యువులను మోసే పోగు) ఎక్కువ ఉంటుందని 1959లో తేలింది. దాంతో ఆమెకు క్రోమోజోముల మీద ఆసక్తి పుట్టింది. భర్తతో ఆక్స్‌ఫర్డ్ వెళ్లినప్పుడు ఆ విద్య నేర్చుకున్నారు. తిరిగొచ్చాక లియోన్ జేకబ్సన్ అనే ప్రొఫెసర్ తన దగ్గర ఒక మైక్రోస్కోపు, కాస్త చోటు, కొద్దిపాటి జీతం ఇచ్చారు.

అప్పటికి సీఎంఎల్‌లో ఒక చిక్కుముడి మిగిలి ఉంది. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల రక్తకణాల్లో మామూలు కంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోము చూశారు. దానికి ఆ ఊరి పేరే పెట్టారు. అందులో ఒక ముక్క ఊడిపోయిందని అందరూ అనుకున్నారు. అయినా క్రోమోజోముల్లో ఈ గందరగోళం క్యాన్సర్ వల్ల వచ్చిందే తప్ప, క్యాన్సర్‌కు కారణం కాదని ఆ రోజుల్లో చాలామంది నమ్మకం.

1970 ప్రాంతంలో క్రోమోజోముల మీద చారలు కనిపించేలా రంగు వేసే పద్ధతి వచ్చింది. దాంతో ఏది ఎన్నో నంబరుదో తేల్చి చెప్పడం వీలైంది. రౌలీ మైక్రోస్కోపులో తీసిన ఫొటోలు ఇంటికి తెచ్చి, ఒక్కో క్రోమోజోమునూ కత్తిరించి, టేబుల్ మీద జతలుగా పేర్చేవారు. అమ్మ కాగితపు బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారు. 1972లో అలా పేరుస్తుండగానే ఒక రకం ల్యుకేమియా (బ్లడ్ క్యాన్సర్)లో 8, 21 క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయని గమనించారు. తర్వాత సీఎంఎల్ ఫొటోలు తీశారు. 22వది పొట్టిగా ఉంది, సరే. 9వది మాత్రం ఉండాల్సినదాని కంటే పొడుగ్గా ఉంది! అంటే ముక్క ఎక్కడికీ పోలేదు, వెళ్లి 9కి అతుక్కుంది. ఒక రోగిలో కాదు, చూసిన ప్రతి రోగిలోనూ అదే మార్పిడి. ఇన్నిసార్లు ఒకేచోట జరిగేది గందరగోళం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న అడగడమే నా దృష్టిలో రౌలీ చేసిన అసలు పని.

1973లో ఈ సంగతి 'నేచర్' సైన్స్ పత్రికలో వచ్చింది. వెంటనే నమ్మినవాళ్లు తక్కువే. ఆమె వదల్లేదు. 1977లో మరో ల్యుకేమియాలో 15, 17 క్రోమోజోముల మార్పిడిని చూపించారు. 1990 నాటికి రకరకాల క్యాన్సర్లలో ఇలాంటివి 70కి పైగా బయటపడ్డాయి. ఈ రోజు ల్యుకేమియా రిపోర్టులో కనిపించే 8;21, 15;17 అంకెలు అక్కణ్నుంచి వచ్చినవే.

1980లలో, సీఎంఎల్‌లో 9, 22 ముక్కలు అతుక్కున్నచోట రెండు జన్యువులు కలిసిపోయి బీసీఆర్-ఏబీఎల్ పుడుతోందని తేలింది. దాన్నుంచి తయారయ్యే ప్రొటీన్ తెల్ల కణాలను ఆగకుండా పెంచుతుంది. ఇమాటినిబ్ ఆ ప్రొటీన్‌నే అడ్డుకుంటుంది. అమెరికా డాక్టరు బ్రయాన్ డ్రుకర్ బృందం తొలి ట్రయల్‌లో, పాత మందు పనిచేయని 54 మందికి రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన ఇస్తే, 53 మందిలో రక్తకణాల లెక్క మామూలుకు వచ్చింది. 2001లో అమెరికా అనుమతి ఇచ్చింది.

మన దగ్గరకొచ్చేసరికి గొడవ ధర దగ్గర మొదలైంది. ఇమాటినిబ్ తయారుచేసిన విదేశీ కంపెనీ నోవార్టిస్ మందుకు అప్పట్లో నెలకు సుమారు 1,20,000 రూపాయలు, మన కంపెనీల మందుకు 8,000 నుంచి 10,000 అయ్యేది. చెన్నైలో నోవార్టిస్ వేసిన పేటెంటు దరఖాస్తును వ్యతిరేకించినవాటిలో హైదరాబాద్‌కు చెందిన మందుల కంపెనీలు నాట్కో, హెటిరో ఉన్నాయి. 2006లో దరఖాస్తు తిరస్కరించారు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టూ నోవార్టిస్ వాదన కొట్టేసింది.

అదే ఏడాది డిసెంబరు 17న రౌలీ అండాశయ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఎనభై దాటాక కూడా ఆమె సైకిల్ మీదే ల్యాబ్‌కు వెళ్లేవారు.